పిలవని పేరంటం: తెరమీది సహాయకులు మళ్లీ మళ్లీ ఎందుకు వస్తారు?

కంప్యూటర్‌తోనో ఫోన్‌తోనో పని చేసుకునే మనిషికి ఆ యంత్రం లోపల జరిగేదేదీ కనిపించదు. కనిపించేదల్లా తెర, దానిమీది గుర్తులు, బటన్లు, జాబితాలు, రాసుకోవడానికి వదిలిన ఖాళీలు. మనిషికీ యంత్రానికీ మధ్య ఇచ్చిపుచ్చుకోవడాలు జరిగే ఈ వాకిలినే ఇంటర్‌ఫేస్ అంటారు. ఈ వాకిట్లో గత ముప్పై ఏళ్లుగా ఒక వింత అతిథి ప్రత్యక్షమవుతూ, తిట్లు తిని వెళ్లిపోతూ, కొన్నాళ్లకు వేషం మార్చుకుని మళ్లీ వచ్చి కూర్చుంటూ ఉన్నాడు. ఎవరూ పిలవకుండానే పలకరించి, ఏదో ఒక సాయం చేస్తానని పట్టుబట్టే ఆ అతిథికి వర్చువల్ అసిస్టెంట్ అని పేరు. అతడు ఒకప్పుడు కుక్కపిల్లగా వచ్చాడు, ఒకప్పుడు కనుబొమలున్న జెమ్ క్లిప్‌గా వచ్చాడు, ఆ తర్వాత ఆడగొంతుగా మారాడు, ఇప్పుడు రంగుల ఉంగరంగానో మెరిసే చుక్కగానో తెర మూలన వెలుగుతున్నాడు.

ఇన్నిసార్లు జనం చీదరించుకున్న వస్తువును, లాభనష్టాలు బాగా తెలిసిన సంస్థలే మళ్లీ మళ్లీ ఎందుకు తయారుచేస్తాయన్నది ఆలోచించదగిన ప్రశ్న. వెనకటి సహాయకులకు తెలివి చాలలేదనీ, ఈసారి వచ్చిన వాటికి అది పుష్కలంగా ఉందనీ ప్రతి తరం తయారీదారులూ దీనికి ఇచ్చే జవాబు. అయితే ఈ సహాయకుల చరిత్రను దగ్గరగా చూసినవారికి, లోపం తెలివిలో కంటే మర్యాదలో ఉందని, అంటే ఎప్పుడు నోరు విప్పాలో, వద్దన్నప్పుడు ఎలా ఊరుకోవాలో తెలియకపోవడంలో ఉందని అర్థమవుతుంది. తెలుగువారు ఇలాంటి రాకకు పిలవని పేరంటం అని ఎప్పుడో పేరు పెట్టారు.

జెమ్ క్లిప్‌కు కనుబొమలు మొలిచిన కాలం

ఈ కథలో అందరికీ గుర్తుండిపోయిన పాత్ర 1997లో మార్కెట్లోకి వచ్చిన మైక్రోసాఫ్ట్ ఆఫీస్ 97తో పాటు వచ్చింది. దాని అసలు పేరు క్లిప్పిట్ కాగా, వాడుకలో క్లిప్పీ అన్న పేరే నిలిచింది. సహాయకుడి వేషం కోసం గీయించిన దాదాపు 250 బొమ్మల్లోంచి, కెవన్ అట్‌బెరీ అనే అమెరికన్ చిత్రకారుడు గీసిన ఈ జెమ్ క్లిప్‌ను ఎంపిక చేశారు. కాగితాలు కలిపి ఉంచే ఒక వంపు తిరిగిన తీగకు రెండు పెద్ద కళ్లు, వాటిపైన దట్టమైన కనుబొమలు పెట్టడంతో, ప్రతి గుమాస్తా బల్లమీదా ఉండే వస్తువుకు ముఖకవళికలు వచ్చాయి. ఇష్టం లేనివారు దాని బదులు పిల్లినో, కుక్కనో, ఐన్‌స్టీన్‌ను పోలిన ముసలాయననో ఎంచుకోవచ్చు గాని, మొదట ఎదురయ్యేది మాత్రం క్లిప్పే.

అది పనిచేసే తీరు ఇలా ఉండేది. వర్డ్ అనే ప్రోగ్రామ్‌లో ఎవరైనా ఇంగ్లిష్ ఉత్తరం మొదలుపెడుతూ 'డియర్' అని రాసి, పక్కన ఒక పేరు చేర్చి, ఎంటర్ నొక్కగానే తెర మూలనున్న క్లిప్ ఒళ్లు విరుచుకుని, కనుబొమలు ఎగరేసి, మీరు ఉత్తరం రాస్తున్నట్టుంది, సాయం కావాలా అన్న అర్థం వచ్చే మాటలను పసుపుపచ్చని బుడగలో చూపేది. ఆ బుడగలో ఉత్తరం రాయడానికి సాయం తీసుకోవడం, సాయం లేకుండానే రాసుకోవడం అనే రెండు దారులు, వాటి కింద ఈ సూచన మళ్లీ చూపవద్దు అని చెప్పుకోవడానికి ఒక చిన్న గడి ఉండేవి. రాసే మనిషి మనసులో అప్పటికే మొదటి వాక్యం సిద్ధమై ఉండగా, వేళ్లు ఆగి, చూపు ఆ మూలకు మళ్లి, బుడగను చదివి, వద్దని చెప్పి తిరిగి వచ్చేసరికి ఆ వాక్యం చెదిరిపోయేది. పనేమీ లేనప్పుడు కూడా ఆ క్లిప్ ఊరుకోక, కళ్లు తిప్పుతూ, మెలికలు తిరుగుతూ, అప్పుడప్పుడూ తెర అద్దాన్ని లోపలినుంచి తడుతూ ఉండేది. మనిషి కన్ను ఎంత పనిలో ఉన్నా అంచున కదిలే వస్తువును గమనించకుండా ఉండలేదు కనుక, ఈ చిన్న కదలికలు కూడా ఏకాగ్రతను కొరుకుతూనే ఉండేవి.

2001లో వచ్చిన ఆఫీస్ ఎక్స్‌పీలో మైక్రోసాఫ్ట్ క్లిప్పీని వాడుకరి కోరితే తప్ప కనిపించకుండా చేసింది. అంతేకాక, ఉద్యోగం ఊడిన నౌకరుగా క్లిప్పీని చూపే హాస్య ప్రకటనలు కూడా విడుదల చేసి, తన పాత సహాయకుణ్ణి తానే వెక్కిరించుకుంది. ఆఫీస్ 2007 వచ్చేసరికి ఆ పాత్ర పూర్తిగా తెరమరుగైంది. 2003లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ల్యూక్ స్వార్ట్జ్ అనే విద్యార్థి, జనం ఈ క్లిప్‌ను ఎందుకు ద్వేషిస్తారన్న ప్రశ్నమీదే ఒక పరిశోధన వ్యాసం రాశాడంటే, ఆ చిరాకు ఎంత విస్తృతమైనదో ఊహించవచ్చు.

యంత్రానికి ముఖం పెట్టాలన్న ఊహ ఎక్కడిది?

క్లిప్పీకి ముందే ఈ ఊహకు కొంత చరిత్ర ఉంది. 1966లో ఎంఐటీకి చెందిన జోసెఫ్ వైజెన్‌బామ్, ఎలైజా అనే చిన్న ప్రోగ్రామ్‌ను లోకానికి పరిచయం చేశాడు. అవతలివారు టైపు చేసిన వాక్యాన్నే అటూ ఇటూ తిప్పి ప్రశ్నగా వెనక్కి పంపడం తప్ప మరేమీ తెలియని ఆ ప్రోగ్రామ్‌తో మనుషులు తమ కష్టసుఖాలు చెప్పుకోవడం చూసి, దాన్ని తయారుచేసిన వైజెన్‌బామే కలవరపడ్డాడు. 1987లో యాపిల్ సంస్థ భవిష్యత్తు ఎలా ఉంటుందో చూపడానికి తీసిన నాలెడ్జ్ నావిగేటర్ అనే చిన్న చిత్రంలో, ఒక ప్రొఫెసర్ పుస్తకంలా తెరుచుకునే కంప్యూటర్ ముందు కూర్చుంటే, బో టై కట్టుకున్న ఒక సహాయకుడు తెర మూలనుంచి ఆయన ఫోన్లు, అపాయింట్‌మెంట్లు చక్కబెడుతుంటాడు. ఆ చిత్రంలోని సహాయకుడు ఎన్నడూ వేళ తప్పడు, అనవసరంగా అడ్డురాడు. ఎందుకంటే అతడు ప్రోగ్రామ్ కాదు, ముందే రాసిన సంభాషణలు చెప్పే నటుడు. ఆ తర్వాత వచ్చిన సహాయకులన్నీ ఈ నటుడితో పోటీపడి ఓడినవేనని చెప్పవచ్చు.

1990ల మొదట్లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు బైరన్ రీవ్స్, క్లిఫర్డ్ నాస్ ఒక ఆసక్తికరమైన సంగతి కనిపెట్టారు. ఒక కంప్యూటర్ తన పనితీరు ఎలా ఉందని తానే అడిగితే మనుషులు మొహమాటపడి మెచ్చుకుంటారనీ, అదే ప్రశ్న వేరే కంప్యూటర్ అడిగితే లోపాలు నిర్మొహమాటంగా చెబుతారనీ, అంటే ముఖం, గొంతు ఏవీ లేని యంత్రం పట్ల కూడా తమకు తెలియకుండానే సాటి మనిషి పట్ల పాటించే మర్యాదే పాటిస్తారనీ వారి ప్రయోగాలు చూపాయి. ఈ అధ్యయనాల ప్రభావంతో మైక్రోసాఫ్ట్ 1995లో బాబ్ అనే ప్రోగ్రామ్ విడుదల చేసింది. అందులో తెర ఒక ఇంటిలా ఉంటుంది. బల్లమీది పుస్తకమో, గోడమీది గడియారమో నొక్కితే సంబంధిత పని తెరుచుకుంటుంది. రోవర్ అనే కుక్క వంటి పాత్రలు పక్కనే ఉండి ప్రతి అడుగూ వివరిస్తాయి. బాబ్ ఏడాది తిరిగేలోగా మూతపడింది గాని, మాట్లాడే పాత్రలు పెట్టాలన్న దాని ఊహ ఆఫీస్ 97లోకి నడిచి వచ్చింది. రోవర్ అయితే 2001లో విండోస్ ఎక్స్‌పీలో ఫైళ్లు వెతికే కుక్కగా మళ్లీ ఉద్యోగం సంపాదించుకున్నాడు.

ఇంటర్‌ఫేస్ రూపకల్పనలో పేరున్న అలన్ కూపర్ వంటివారు ఇక్కడే ఒక పొరపాటు జరిగిందని వాదించారు. రీవ్స్, నాస్ చూపినది మనుషులు మామూలు కంప్యూటర్‌నే సాటి మనిషిలా చూస్తారని. కాబట్టి దానికి ప్రత్యేకంగా ముఖం అతికించాల్సిన అవసరం లేదు, దాని ప్రవర్తన మర్యాదగా ఉంటే చాలు. తయారీదారులు మాత్రం ఆ పరిశోధననుంచి ముఖాన్ని తీసుకుని మర్యాదను వదిలేశారు. ముఖం ఉన్నదానిమీద మనిషికి అంచనాలు పెరుగుతాయి కనుక నష్టం రెట్టింపైంది: నిర్జీవమైన హెచ్చరిక పెట్టె వందసార్లు వస్తే విసుగు మాత్రమే కలుగుతుంది, కళ్లూ కనుబొమలూ ఉన్న పాత్ర వందసార్లూ కొత్తవాడిలా వచ్చి అదే మాట అడిగితే అవమానంగా తోస్తుంది.

లెక్క పక్కన పడింది, పలకరింపు మిగిలింది

క్లిప్పీ వెనక నిజానికి గట్టి పరిశోధనే ఉంది. మైక్రోసాఫ్ట్ పరిశోధన విభాగంలో ఎరిక్ హార్విట్జ్ బృందం 1993లో లూమియేర్ అనే ప్రాజెక్టు ప్రారంభించింది. వాడుకరి ఏ మెనూలు తెరిచి మూస్తున్నాడు, ఎంతసేపు ఆగాడు, చేసిన పనిని ఎన్నిసార్లు రద్దు చేశాడు వంటి చిన్న చిన్న ఆనవాళ్లను బట్టి అతడికి దేనిలో సాయం కావాలో ఊహించడం దాని లక్ష్యం. ఇందుకు వారు సంభావ్యతా గణితాన్ని, అంటే ఒక సంగతి నిజం కావడానికి ఎంత అవకాశం ఉందో అంకెల్లో చెప్పే శాస్త్రాన్ని, వాడారు. కొత్త ఆనవాలు దొరికిన ప్రతిసారీ పాత అంచనాను సవరించుకునే ఈ పద్ధతికి పద్దెనిమిదో శతాబ్దపు ఆంగ్ల మతాచార్యుడు థామస్ బేయ్స్ పేరు మీద బేయీసియన్ పద్ధతి అని పేరు.

ఈ పద్ధతిలో అంచనాతో పాటు ఖర్చు కూడా లెక్కలోకి వస్తుంది. ఉదాహరణకు, పదిసార్లలో మూడుసార్లు మాత్రమే వాడుకరికి నిజంగా సాయం కావాల్సి ఉందనుకుంటే, ఆ మూడుసార్లు కలిగే మేలును మిగిలిన ఏడుసార్లు చెదిరే ఏకాగ్రతతో తూచి, మేలు బరువు తూగితేనే నోరు విప్పాలి. తూగకపోతే తెలిసినా ఊరుకోవాలి. అనుభవం గల మంచి సహాయకుడు మనసులో అప్రయత్నంగా వేసే లెక్క ఇదే. పెద్దాయన రాసుకుంటున్నప్పుడు గది గుమ్మం దగ్గరే ఆగిపోయే గుమాస్తాకు ఈ గణితం పుస్తకంలో చదవకుండానే తెలుసు.

తీరా బయటికి వచ్చిన ఆఫీస్ 97లో ఈ లెక్కలో కీలకమైన భాగాలు లేవు. వాడుకరి నైపుణ్యాన్ని కాలక్రమంలో గుర్తుంచుకునే ఏర్పాటు తీసివేశారు. ఇటీవల చేసిన కొద్దిపాటి పనులను మాత్రమే చూసేలా పరిధి కుదించారు. వాడుకరి తానుగా అడిగినప్పుడు జవాబు వెతకడానికి సంభావ్యతా గణితాన్ని ఉంచి, అడగకుండా పలకరించే బాధ్యతను మాత్రం సాదాసీదా నిబంధనలకు అప్పగించారు. 'డియర్' కనిపిస్తే ఉత్తరం అనుకోవడం అలాంటి నిబంధనే. ఊరుకోవడం ఎలాగో నేర్పే భాగం తీసేసి, మాట్లాడే భాగం మిగల్చడం వల్ల, జ్ఞాపకం లేని సహాయకుడు తయారయ్యాడు. వెయ్యో ఉత్తరం రాసే ఉద్యోగినీ, మొదటి ఉత్తరం రాసే విద్యార్థినీ అతడు ఒకే గాటన కట్టాడు.

లూమియేర్ పరిశోధకులే 1998లో ప్రచురించిన పత్రంలో మరింత విలువైన పరిశీలన ఒకటి ఉంది. ప్రోగ్రామ్ రాయడానికి ముందు వారు, పక్క గదిలో ఒక నిపుణుణ్ణి కూర్చోబెట్టి, వాడుకరి తెరను అతడికి చూపిస్తూ, కంప్యూటరే చెబుతున్నట్టుగా సలహాలు ఇప్పించారు. నిపుణుడి ఊహ తప్పైనప్పుడు కూడా వాడుకరులు ఆ సలహాను శ్రద్ధగా చదివి, తాము చేస్తున్న పని వదిలి, అందులో చెప్పినదాన్ని ప్రయత్నించి చూడసాగారు. అది చూసిన నిపుణుడు తన ఊహ సరైనదేనని నమ్మి, అదే దారిలో మరిన్ని సలహాలు పంపాడు. ఇలా తప్పుడు సలహా తనకు తానే సాక్ష్యం పుట్టించుకుంది. దారి అడగని బాటసారికి ఎవరో పక్కదారి చూపితే, మొహమాటానికి అతడు రెండడుగులు అటు వేయగానే, వెళ్లాల్సింది అటే కాబోలని నిర్ధారించుకోవడం వంటిది ఇది. వాడుకరి నొక్కాడు కనుక అతడికి కావాల్సిందే అయి ఉంటుందన్న ఈ భ్రమ, ముప్పై ఏళ్ల తర్వాత నేటి సంస్థల గణాంకాల్లో మరింత పెద్ద ఎత్తున కొనసాగుతున్నది.

చిందరవందర ఇంటికి కాపలాదారు

అసలు సహాయకుడి అవసరం ఎందుకొచ్చిందన్నది మరో ప్రశ్న. వర్డ్ మొదటి విండోస్ వెర్షన్‌లో దాదాపు 100 ఆదేశాలు ఉంటే, వర్డ్ 2003 నాటికి అవి 1500 దాటాయి. మెనూల కింద మెనూలు, వాటి కింద చిన్న కిటికీలు చేరి, ఏ వస్తువు ఏ అటకమీద ఉందో ఇంట్లోవాళ్లకే తెలియని పరిస్థితి వచ్చింది. ప్రోగ్రామ్‌లో ఎప్పటినుంచో ఉన్న సదుపాయాలనే కొత్తగా చేర్చమని వాడుకరులు కోరుతుండేవారు. అలాంటి ఇంటికి రెండు మార్గాలున్నాయి: ఇల్లు సర్దడం ఒకటి, వస్తువులు వెతికిపెట్టడానికి గుమ్మంలో మనిషిని పెట్టడం రెండవది. సర్దడానికి ఏళ్లు పడుతుంది, అలవాటుపడినవారు గోల చేస్తారు, ప్రతి విభాగమూ తన వస్తువు ముందుండాలని పోట్లాడుతుంది. మనిషిని పెట్టడం సులువు. పైగా, సర్దిన ఇల్లు ప్రకటనలో కనిపించదు, నవ్వే పాత్ర కనిపిస్తుంది. క్లిప్పీని పూర్తిగా తొలగించిన ఆఫీస్ 2007లోనే మైక్రోసాఫ్ట్ పాత మెనూలు తీసేసి, ఆదేశాలను పనుల వారీగా పేర్చిన రిబ్బన్ అనే కొత్త అమరికను ప్రవేశపెట్టడం యాదృచ్ఛికం కాదు: ఇల్లు సర్దాక కాపలాదారు అవసరం తీరింది.

దీనికి ప్రదర్శనల మాయ కూడా తోడవుతుంది. ఒక సహాయకుడు కొత్త వస్తువుల ఆవిష్కరణ సభలో ఐదు నిమిషాలు ఎంతో ముచ్చటగా కనిపిస్తాడు. కొనేవారు, పత్రికలవారు, సంస్థ అధిపతులు అతణ్ణి చూసేది ఆ మొదటిసారే. రోజూ వాడేవారు చూసేది వందోసారి, ఐదువందలోసారి. మొదటిసారి నవ్వు తెప్పించిన చమత్కారం వందోసారికి ముల్లులా గుచ్చుతుంది. కొనాలా వద్దా అని నిర్ణయించేవారు మొదటిసారి చూసినదాన్ని బట్టి నిర్ణయిస్తారు, భరించేవారు మాత్రం వందోసారి కూడా భరిస్తారు. ఈ ఎడం ఉన్నంతకాలం ఇలాంటి పాత్రలకు సంస్థల్లో ఆమోదం దొరుకుతూనే ఉంటుంది.

పగ్గాలు ఎవరి చేతిలో ఉండాలన్న వాదం విద్వాంసుల మధ్య కూడా నడిచింది. 1997లో మేరీలాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన బెన్ ష్నైడర్మన్, ఎంఐటీ మీడియా ల్యాబ్‌కు చెందిన పాటీ మేస్ బహిరంగ వేదికలపై చర్చించారు. వస్తువులు తెరపై కళ్లెదుట ఉండి, మనిషి తన చేత్తోనే వాటిని కదిలించి, ఫలితం వెంటనే చూసుకోగలగడమే మంచిదనీ, అలాంటప్పుడే పనిమీద పట్టూ బాధ్యతా మనిషి దగ్గర ఉంటాయనీ ష్నైడర్మన్ వాదం. సమాచారం పెరిగిపోయి ఎవరూ అన్నీ స్వయంగా చూసుకోలేని కాలం వస్తున్నది కనుక, కొన్ని పనులు తమ తరఫున చేసిపెట్టే ప్రోగ్రామ్‌లకు అప్పగించక తప్పదని మేస్ వాదం. ఈ ఇద్దరి వాదాలకూ బలం ఉంది; అయితే అడగకుండా అడ్డుపడే హక్కు సహాయకుడికి ఉండాలని వీరిలో ఎవరూ కోరలేదు.

తెలివి వచ్చింది, అలవాటు మారలేదు

2011లో యాపిల్ సిరి, 2014లో మైక్రోసాఫ్ట్ కోర్టానా, అదే ఏడాది అమెజాన్ అలెక్సా వచ్చాక సహాయకుడు ముఖం వదిలి గొంతు తొడుక్కున్నాడు. వీటిలో పేరు పెట్టి పిలిస్తేనే పలికేవి ఇంటింటా చోటు సంపాదించుకోగా, పిలవకుండా పలికినప్పుడు మాత్రం పాత కథే నడిచింది. 2017లో విండోస్ 10ను కొత్త కంప్యూటర్‌లో అమర్చేటప్పుడు కోర్టానా గొంతు తానుగా మాట్లాడే ఏర్పాటు చేశారు. ఇంట్లో ఒక్క కంప్యూటర్ కొనుక్కున్నవారికి అది ముచ్చటగానే ఉండవచ్చు; ఒకే గదిలో వరసగా పేర్చిన పదుల కంప్యూటర్లను సిద్ధం చేసే ఆఫీసు సాంకేతిక సిబ్బందికి, అన్నీ కలిసి ఒకదాని తర్వాత ఒకటిగా అదే పలకరింపు వల్లించడం తలనొప్పిగా మారడంతో, ఆ తర్వాత వ్యాపార సంస్థలు వాడే వెర్షన్లలో ఆ గొంతును నొక్కేశారు. కోర్టానా 2023లో విండోస్ నుంచి సెలవు తీసుకుంది.

హైదరాబాద్‌లో పుట్టిపెరిగి, 2014 నుంచి మైక్రోసాఫ్ట్‌ను నడిపిస్తున్న సత్య నాదెళ్ల, 2023లో ఒక ఆంగ్ల పత్రికతో మాట్లాడుతూ, తమ కోర్టానాతో సహా అప్పటి గొంతు సహాయకులన్నీ బండరాయిలా మొద్దువని నిస్సంకోచంగా ఒప్పుకున్నారు. అప్పటికే చాట్‌జీపీటీ వంటి ప్రోగ్రామ్‌లు, అపారమైన రాతలనుంచి భాష తీరుతెన్నులు నేర్చుకుని, ఏ ప్రశ్నకైనా వాక్యాలు అల్లగల శక్తిని చూపాయి. మొద్దుతనమే జబ్బైతే, ఇక మందు దొరికినట్టే. 2023 మార్చిలో వర్డ్, ఎక్సెల్ వంటి ప్రోగ్రామ్‌లకు కోపైలట్ అనే కొత్త సహాయకుణ్ణి ప్రకటించడం, 2024 జనవరిలో దాన్ని పిలవడానికి కీబోర్డ్‌మీద ఒక మీటనే కేటాయించడం ఈ నమ్మకంతోనే జరిగాయి. 2025 అక్టోబర్‌లో కోపైలట్‌కు మీకో అనే కదిలే ముఖం కూడా వచ్చింది; దాన్ని పదేపదే తట్టితే క్షణకాలం పాత క్లిప్పీగా మారేలా చమత్కారం చేశారు.

తెలుగు ఇళ్లలో ఈ మార్పు ఎక్కువగా వాట్సాప్ రూపంలో కనిపించింది. 2024 జూన్‌లో వాట్సాప్ యజమాని అయిన మెటా సంస్థ సహాయకుడు మెటా ఏఐ భారతదేశంలో ప్రవేశించాక, చాట్ల జాబితా కింది మూలన నీలి ఉంగరం ఒకటి చేరింది. స్నేహితుడి పేరో, పాత ఫొటోనో వెతుక్కోవడానికి తెర పైనున్న గడిలో వేలు పెట్టినవారికి, అక్కడ మెటా ఏఐని అడగమన్న ఆహ్వానం ఎదురుకాసాగింది. దాన్ని వాడాలన్న బలవంతం లేదని సంస్థ చెబుతున్నా, ఆ ఉంగరాన్ని తెరమీదినుంచి తీసేసే మార్గం మాత్రం ఇవ్వలేదు. అందరూ తమకు తెలిసిన మనుషులతో మాట్లాడుకోవడానికి వాడే చోట తమ సహాయకుణ్ణి ఇలా కూర్చోబెట్టడం పోటీ చట్టాలకు విరుద్ధమేమోనని 2025 జులైలో ఇటలీ పోటీ నియంత్రణ సంస్థ విచారణ ప్రారంభించింది.

ఇక్కడే లూమియేర్ ప్రయోగంలోని నిపుణుడు మళ్లీ గుర్తుకొస్తాడు. సంస్థలు తమ కొత్త సదుపాయం ఫలించిందా లేదా అన్నది దాన్ని ఎందరు తెరిచారు, ఎన్నిసార్లు నొక్కారు అన్న లెక్కతో తేల్చుకుంటాయి. పొరపాటున నొక్కిన వేలూ, ఇదేమిటో చూద్దామని నొక్కిన వేలూ, నిజంగా అవసరపడి నొక్కిన వేలూ ఆ లెక్కలో సమానమే. గుర్తును ఎంత ముందుకు జరిపితే అన్ని నొక్కుళ్లు పెరుగుతాయి. నొక్కుళ్లు పెరిగితే జనం కోరుకుంటున్నారని నివేదిక తయారవుతుంది. ఆ నివేదిక చూసి గుర్తును మరింత ముందుకు జరుపుతారు. నొక్కకుండా ప్రశాంతంగా తన పని చేసుకుపోయిన మనిషి సంతృప్తికి ఆ నివేదికలో గడి ఉండదు. పైగా, కొత్త సహాయకులమీద భారీ పెట్టుబడులు పెట్టిన సంస్థలకు, వాటిని జనం వాడుతున్నారని వాటాదారులకు చూపాల్సిన అవసరం ఉంది. అందుచేత పలకరింపు వాడుకరి అవసరానికి కాక సంస్థ అవసరానికి మొదలవుతుంది. సాయం చేస్తానని వచ్చినవాడికే తోడు కావాల్సి వస్తుంది.

విసిగించని సహాయకులు

సహాయకులన్నీ విసిగిస్తాయనుకుంటే పొరపాటు. క్లిప్పీకి కాస్త ముందు, అదే సంస్థ వర్డ్ 95లో మరో సహాయకుణ్ణి ప్రవేశపెట్టింది. దానికి పేరు లేదు, ముఖం లేదు, గొంతు లేదు. తప్పుగా రాసిన మాట కింద ఎర్రని వంకర గీత గీసి ఊరుకోవడమే దాని పని. రాసేవారు ఆ గీతను చూసి వెంటనే దిద్దుకోవచ్చు, పేజీ పూర్తయ్యాక దిద్దుకోవచ్చు, అసలు పట్టించుకోకపోవచ్చు. దానికోసం చేతిలో పని ఆగదు. ఊహ తప్పైనా నష్టం తక్కువ. ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాసే లక్షలమందికి ఈ సంగతి అనుభవమే: తెలుగు తెలియని ఆ గీత వాక్యమంతా ఎర్రబరిచినా, వారు దాన్ని పట్టించుకోకుండా రాసుకుపోగలరు. అదే ఫోన్ కీబోర్డ్ తనకు తెలియని తెలుగు మాటను అడగకుండా ఇంగ్లిష్ మాటగా మార్చి పంపినప్పుడు మాత్రం ఒళ్లు మండుతుంది. రెండింటికీ ఉన్న తెలివి ఒక్కటే, అంటే రెండింటికీ తెలుగు రాదు. మొదటిది సూచించి తప్పుకుంటుంది, రెండవది కలం లాక్కుంటుంది.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరి 30న 161 సేవలతో ప్రారంభించిన మన మిత్ర కూడా వాట్సాప్‌లోనే నడుస్తుంది, అదీ ప్రోగ్రామ్‌తో సంభాషణే. తేడా ఏమిటంటే, అక్కడ మొదటి పలకరింపు పౌరుడిది. ధ్రువపత్రమో, బిల్లు చెల్లింపో, ఏదో ఒక పని పెట్టుకున్న మనిషే ఆ నంబర్‌కు సందేశం పంపితే, సేవల జాబితా అతడి ముందుకు వస్తుంది. అందులో లోటుపాట్లు ఉంటే ఉండవచ్చు గాని, పిలవకుండా వచ్చిందన్న నింద మాత్రం దానికి అంటదు. అడగనిదే అమ్మయినా పెట్టదన్న సామెతను తెలుగువారు సాధారణంగా నోరు తెరిచి అడగడం నేర్చుకోమని చెప్పడానికి వాడతారు. సహాయకులను తయారుచేసేవారు దాన్ని రెండో వైపునుంచి చదువుకోవచ్చు.

1999లో ఎరిక్ హార్విట్జ్, మనిషీ యంత్రమూ పనిని పంచుకునే ఇంటర్‌ఫేస్‌లకు కొన్ని సూత్రాలు రాశాడు. ఊహ ఎంతవరకు నమ్మదగినదో లెక్కించుకోవాలనీ, మనిషి దృష్టి ఎటు ఉందో చూసి వేళ ఎంచుకోవాలనీ, పిలవడమూ పంపించివేయడమూ రెండూ సులువుగా ఉండాలనీ, జరిగినదాన్ని గుర్తుంచుకుని నేర్చుకోవాలనీ వాటి సారాంశం. క్లిప్పీ వైఫల్యం అందరి కళ్లెదుటా ఉన్న రోజుల్లోనే, అదే సంస్థలో రాసిన ఈ సూత్రాలు ఇంకా పాతబడలేదు. నేటి యంత్రాలకు వాటిని పాటించే శక్తి అప్పటికంటే ఎన్నో రెట్లు ఉంది. కొరతంతా, ఊరుకున్న సహాయకుణ్ణి కూడా పని చేసినవాడిగా లెక్కగట్టే కొలబద్దది.

2025 ఆగస్టులో ఒక విచిత్రం జరిగింది. అమెరికాలో వాడుకరుల హక్కుల కోసం పోరాడే లూయిస్ రాస్‌మన్ అనే యూట్యూబర్, సంస్థల పెత్తనానికి నిరసనగా అందరూ తమ ఖాతాల్లో తమ ఫొటో బదులు క్లిప్పీ బొమ్మ పెట్టుకోవాలని పిలుపునిస్తే, ఎందరో ఆ బొమ్మ పెట్టుకున్నారు. క్లిప్పీ విసిగించిందే గాని, ఎవరి సమాచారమూ పోగుచేయలేదు, ఎవరి రాతనూ అమ్ముకోలేదు, సాయపడాలన్న ఉద్దేశం తప్ప దానికి మరో ఉద్దేశం లేదన్నది వారి వాదం. ఒక తరం ఈసడించుకున్న బొమ్మ మరో తరానికి మంచితనానికి గుర్తుగా కనిపించిందంటే, తర్వాత వచ్చిన సహాయకులు పరిస్థితిని ఎక్కడికి తెచ్చారో అర్థమవుతుంది.

ఆ క్లిప్ బుడగ అడుగున, ఈ సూచన మళ్లీ చూపవద్దు అనే చిన్న గడి ఒకటి ఉండేది. నేడు తెరమీద ప్రత్యక్షమయ్యే ఆహ్వానాల్లో చాలావాటికి ఆ గడి లేదు. ఒప్పుకోవడానికి ఒక బటన్, దాని పక్కన 'ఇప్పుడు కాదు' లేదా 'తర్వాత' అనే మరో బటన్ మాత్రమే ఉంటాయి. వాడుకరి ఏం కొన్నాడో, ఏం వెతికాడో, ఎక్కడ ఆగాడో ఏళ్ల తరబడి గుర్తుంచుకోగల యంత్రాలు, అతడు నిన్న కాదన్న సంగతిని మాత్రం రేపటికి మరిచిపోతాయి. తెలుగులో 'తర్వాత' వేరు, 'వద్దు' వేరు. ఈ రెండో మాటకు తెరమీద చోటు దొరికే వరకు, పిలవని పేరంటానికి వచ్చినవాడు వేషం ఎన్నిసార్లు మార్చినా, పలికేది మాత్రం పాత పలకరింపే.